కొట్టివేత పక్కన సంతకం

ఆదివారం, మార్చి 10

చిరంజీవి సరేబాబుకు,

అమ్మమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. నీ ఒంట్లోనూ, నీ ఉద్యోగంలోనూ అంతా బాగుందని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం ఉత్తరాల మర్యాద. మర్యాద కోసం అబద్ధం రాసే అలవాటు నాకు లేదు కనక ఆ వాక్యం రాయడం లేదు. పై మూలన తేదీ ఉంది, చిరునామా లేదు. మరిచిపోయి కాదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు "సరే అమ్మమ్మా" అంటావు. చిన్నప్పటి నుంచీ నీది అదే వరస. పాలు తాగావా అంటే సరే. పాలు ఒలకబోసింది ఎవరురా అంటే సరే. ఎదుటివాళ్ళ వాక్యం పూర్తికాకముందే నీ సరే తయారు. అందుకేగా ఆ పేరు నీకు అతుక్కుపోయింది. కాగితం మీదైతే నా మాట మధ్యలో నువ్వు సరే అనలేవు. చివరిదాకా చదవాల్సిందే.

ముందు ఇంటి కబుర్లు. నా కుడికంటి ఆపరేషన్ అయింది. రోజూ చుక్కల మందు వేసుకుంటున్నాను. వేసుకున్నాక కాసేపు అక్షరాలు నీళ్ళలో తేలుతున్నట్టు ఉంటాయి, అక్కడక్కడా గీత వంకరపోతే సర్దుకో. పాపకు ముందు పన్ను ఊడింది. వాళ్ళమ్మ, అదే మీ అక్క, కట్టుడు పళ్ళు తయారుచేసే చోట పనిచేసేది కదా, "నాకూ ఒకటి చేసి పెట్టమ్మా, రేపటికల్లా కావాలి" అని ఒకటే గొడవ.

పనిచేసేది అని రాశాను, చూశావా. మూడు వారాల కిందటిదాకా పనిచేస్తోంది అని రాయాల్సిన మాట.

ఇకనుంచి నీకు తెలిసిన సంగతులు కూడా వరసగా రాస్తాను. వరస తప్పితే లెక్క తేలదు. పైగా ఈ ఉత్తరం నీతో పాటు ఇంకొకరు కూడా చదవవచ్చు.

మీ అమ్మా నాన్నా పోయాక మీ ఇద్దర్నీ పెంచింది నేను. నీటి సరఫరా ఆఫీసులో లెక్కల తనిఖీ ఉద్యోగం చేసుకుంటూ పెంచాను. అక్క కాలేజీలో చేరిన రోజు నా పేరు, తన పేరు కలిపి ఒక బ్యాంకు ఖాతా తెరిచాను. ఇద్దరిలో ఎవరైనా వేయొచ్చు, ఎవరైనా తీయొచ్చు. పెళ్ళయ్యాక తన సొంత ఖాతాలన్నీ మీ బావ చేతికి పోయాయి. తర్వాత ఫోన్ పోయింది. కూరగాయల చీటీ కూడా భోజనానికి ముందు ఆయనగారి చేతిలో పెట్టాలి, ఆయన చూసి తలాడించాక కంచం ముందు కూర్చోవాలి. ఈ పాత ఉమ్మడి ఖాతా ఒక్కటే అతనికి తెలియదు. అడగలేదు, అక్క చెప్పలేదు.

ఒకసారి మణికట్టుకు కట్టుతో వచ్చింది. మెట్ల మీద జారానంది. "లిఫ్టులు అమ్మేవాడి పెళ్ళానికి మెట్లతో ఏం పనే" అన్నాను. నవ్వింది. ఏడ్చి ఉంటే నాలుగు బుద్ధులు చెప్పి పంపేదాన్నేమో. ఆ నవ్వు చూశాక ఇంకేమీ అడగలేదు. కిందటి ఏడాది వానలు వెనకపట్టాక పాపను చంకనేసుకుని వచ్చేసింది.

నా ఇల్లు అతను మొదట వెతికే చోటు. అందుకని దూరంగా ఒక గది చూశాం. మెట్ల కింద వంట, వీధివైపు ఒకే కిటికీ, నీళ్ళు పొద్దున ఒక గంట. కట్టుడు పళ్ళు చేసే పెద్దాయన దగ్గర పని దొరికింది. మైనం కరిగించడం, అచ్చులు పోయడం, అరగదీయడం. ఒకరి నోటికి సరిపడే పన్ను ఇంకొకరికి సరిపోదని, అందుకే ఆ పని తనకు నచ్చిందని చెప్పేది.

ఆ గది ఎక్కడో నీకు చెప్పలేదు. చెప్పొద్దన్నది నేను కాదు, అక్క. "వాడి కంపెనీలో ఆయన డబ్బుంది అమ్మమ్మా. వాడికి తెలిసిందంటే ఆయన వాణ్ణి పీక్కు తినేస్తాడు. తెలియకపోతే తెలియదని ధైర్యంగా చెప్పగలడు, పిచ్చి సన్నాసి" అంది. నిన్ను కాపాడటానికే నీకు చెప్పలేదు. ఈ వాక్యం ఇంకోసారి చదువు.

ఇప్పుడు డబ్బు ఎలా నడిచిందో రాస్తాను. నా పింఛనులో కొంత ఆ ఉమ్మడి ఖాతాలో వేసేదాన్ని. అక్క దగ్గర దాని కార్డు ఉండేది. మొదటి నెలలోనే తను, "అమ్మమ్మా, నెలకోసారి నగదు తీసుకుని దాంతోనే గడుపుతాను. జీతం కూడా చేతికే ఇమ్మంటాను" అంది. నేను ఒప్పుకోలేదు. నగదుకు నోరు లేదు, ఎక్కడికి పోయిందో చెప్పదు అన్నాను. ప్రతి ఖర్చూ ఖాతాలోంచే జరగాలని, జీతం ఖాతాలోకే రావాలని, నెలాఖరుకు నేను పద్దులు సరిచూడాలని పట్టుబట్టాను. ముప్పై నాలుగేళ్ళ తనిఖీ బుద్ధి. తను ఒక్క క్షణం నావైపు చూసి, "నువ్వూ లెక్కలు అడుగుతావు, ఆయనా అడిగేవాడు" అంది. కోపం వచ్చింది. నేను అడిగేది నీ మంచికే అన్నాను. ఆయన కూడా అదే అనేవాడని తను అనలేదు. అనకుండా పాలు కాచడానికి లేచింది.

ఆ పట్టుదల నాది. నీ ఖాతాలో వేయను.

నీ ఖాతాలోది ఇది. కిందటి ఏడాది, అక్క ఇంకా ఆ ఇంట్లోనే ఉన్న రోజుల్లో, నువ్వు ఉద్యోగంలో చేరి మిఠాయి డబ్బాతో వచ్చావు. మెడలో కార్డు నా చేతికిచ్చి నంబరు చదవమన్నావు. కంపెనీ మొత్తంలో ఏడోవాడివి, నీ వెనక ఇంకా వందమంది వస్తారు అన్నావు. నా ఛాతీ కూడా ఉబ్బింది, కాదనను. మీ కంపెనీ ఏం చేస్తుందో నాకు అర్థమయ్యేలా చెప్పింది నువ్వే. అది బ్యాంకు కాదు, డబ్బు ముట్టుకోదు. మనిషి సరే అంటే, వాళ్ళ బ్యాంకులో ఉన్న పద్దులు తెచ్చుకుని, రంగుల చక్రం గీసి చూపిస్తుంది. మధ్యలో పద్దులు మోసే సంస్థ వేరే ఉంది, కవరు విప్పకుండా తెచ్చిచ్చే తపాలా బంట్రోతులాంటిది. వీళ్ళందరి నెత్తిన ఒక నియంత్రణ సంస్థ. ఏ వివరాలు, ఎందుకు, ఎన్నాళ్ళు అని మూడూ రాసి చూపించకుండా సమ్మతి అడగకూడదని దాని నిబంధన. మంచి నిబంధనే, మా రోజుల్లో ఇలాంటివి ఉంటే సగం దొంగలు పుట్టేవాళ్ళే కాదు అన్నాను.

నువ్వే మా మొదటి కస్టమర్‌వి అమ్మమ్మా అని ఫోన్ నా చేతికిచ్చావు. నేను మొత్తం చదివాను. "అబ్బా, అది ఎవరూ చదవరు" అని నువ్వు కుర్చీలో అటూ ఇటూ కదిలావు. నీటిపన్ను కట్టేవాళ్ళు చదవరు, వేసేవాళ్ళు చదువుతారురా అన్నాను. ఇంటి ఖర్చుల సారాంశం కోసం, మూడు నెలలకు అని ఉంది. ఉమ్మడి ఖాతా కదా, అక్కను కూడా అడగాలేమో అన్నాను. అక్కర్లేదు, ఇద్దరిలో ఒకరు ఒప్పుకుంటే చాలని నిబంధనలోనే ఉంది అన్నావు. మీ ఆఫీసులో ఎవరు చూస్తారు అన్నాను. "రేపు వచ్చే వేలమంది లెక్కల మధ్య నీ ఉల్లిపాయల లెక్క ఎవడు చూస్తాడే" అని పగలబడి నవ్వావు. నేను మీట నొక్కాను. మీ మీట మీద అంగీకరిస్తున్నాను అని కాదు, సరే అని ఉంటుంది. ఆ మాట నీ ఆలోచనేనట. జనం భయపడకుండా నొక్కుతారట.

మూడు నెలలూ చక్రం వచ్చింది. నా కళ్ళజోడు ఖర్చును వినోదం కింద వేసింది. కంటి డాక్టరు ఫీజును విలాసాల కింద వేసింది. తప్పని చెబితే, యంత్రం ఇంకా నేర్చుకుంటోంది అమ్మమ్మా అన్నావు. నా ఖర్చుతో నేర్చుకుంటోందన్నమాట అన్నాను. గడువు తీరింది, చక్రం ఆగిపోయింది. దాని సంగతే మరిచిపోయాను.

చుక్కల మందు వేళయింది. మళ్ళీ రాస్తాను.

సోమవారం, పొద్దున

ఇక మూడు వారాల కిందటి సోమవారం.

పని ముగిసే వేళకు మీ బావ ఆ కట్టుడు పళ్ళ దుకాణంలోకి వచ్చాడు. అరవలేదు, చెయ్యెత్తలేదు. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడట. సోమవారం పాల దుకాణం. మంగళవారం మందుల దుకాణం రెండుసార్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఎవరికి బాగాలేదు? శుక్రవారం చెప్పుల దుకాణం. శనివారం అదే డబ్బు వెనక్కి వచ్చింది. పాప కాలికి సరిపోలేదా? పెరిగిందా? ఎంత పెరిగింది?

అక్క ఇదంతా నాకు ఒక్కసారే చెప్పింది. మళ్ళీ అడిగితే చెప్పలేదు. కొట్టినా ఇంత భయమేసేది కాదు అమ్మమ్మా, నేను ఒంటరిగా ఉన్నాననుకున్న రోజులన్నిట్లోనూ ఆయన పక్కనే నడుస్తున్నట్టు అనిపించింది అంది. ఆ పద్దులు నేను బ్యాంకు కాగితంతో సరిచూశాను. ఒక్కటీ తప్పు లేదు. చెప్పులు నిజంగానే సరిపోలేదు.

ఆ పెద్దాయన సున్నం పిండి చేతులతో లోపలి నుంచి వచ్చి, "కొలతలు ఇవ్వడానికి వచ్చారా? నోరు తెరవండి. లేకపోతే కుర్చీ ఖాళీ చేయండి" అన్నాడట. మీ బావ నవ్వుతూ లేచి, వచ్చే సోమవారం తీసుకెళ్తాను, సామాన్లు సర్దుకో అని చెప్పి పోయాడు. అక్క ఆ సాయంత్రమే పాపతో గది వదిలేసింది. పాపకు సరిపడే చెప్పులు మళ్ళీ కొననేలేదు. పాప పాత జోడులో మడమలు బయటికి పెట్టుకుని నడిచింది. బడి మధ్యలో మానేసింది. ఇప్పుడు పనిలేదు, జీతం లేదు. ఇంటిముందు బండి ఆగితే చాలు, పొయ్యి కట్టేసి కిటికీ మూస్తోంది. ఈ కుటుంబంలో ఇప్పుడు నిలబెట్టుకోవాల్సిన ఆస్తి ఒక్కటే, వాళ్ళిద్దరూ ఎక్కడున్నారో అతనికి తెలియకపోవడం. అది ఒకసారి పోయింది. రెండోసారి పోకూడదు.

నేను బ్యాంకుకు వెళ్ళాను. అక్కడి మేనేజరు అమ్మాయి తెర చూసి, మీ ఖాతా వివరాలు ఇప్పటికీ ఒక కంపెనీకి వెళ్తున్నాయి కదండీ అంది. మీ కంపెనీ పేరే చదివింది. గడువు ఎప్పుడో తీరిందన్నాను. జనవరిలో మళ్ళీ కొత్త సమ్మతి ఇచ్చారు, ఏడాదికి అంది. నేను ఇవ్వలేదన్నాను. మీ ఫోన్ నుంచే వచ్చిందండీ, మెసేజ్ కూడా మీ నంబరుకే వెళ్ళింది అంది. మరి రెండో ఆమెకు ఎవరు చెప్పాలి అన్నాను. ఉమ్మడి ఖాతా కదా, ఒకరు చాలండీ అని నీ మాటే అక్షరం తేడా లేకుండా అప్పజెప్పింది. పాపం ఆ అమ్మాయి మంచిదే. మంచినీళ్ళు ఇచ్చింది.

అక్కడే కూర్చుని సమ్మతి వెనక్కి తీసుకున్నాను. ఇవ్వడానికి మీ దగ్గర ఒక్క మీట. తీసుకోవడానికి తెర తర్వాత తెర. నిజంగానే వెళ్ళిపోతారా అని ఒకటి, మళ్ళీ ఆలోచించండి అని ఒకటి, కన్నీళ్ళు కారుస్తున్న బొమ్మ ఒకటి. ఆ బొమ్మ కూడా నీ ఆలోచనేనా? ఇంతా చేస్తే, ఇకముందు పంపరు కానీ ఇప్పటిదాకా పంపినది వెనక్కి రాదట. నీళ్ళన్నీ పోయాక కుళాయి కట్టేసినట్టు.

మీ కంపెనీకి ఫిర్యాదు రాస్తే యంత్రం పలికింది. మీ భావాలను గౌరవిస్తున్నాం అంది. నా భావాలు నేను చూసుకుంటాను, నా పద్దులను గౌరవించండి అని రాశాను. ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారని అడిగింది.

చివరికి నియంత్రణ సంస్థ ఫిర్యాదుల అధికారి దగ్గరికి వెళ్ళాను. నడివయసు మనిషి, బల్ల మీద ఫైళ్ళ కన్నా మందు సీసాలు ఎక్కువ. అంతా ఓపికగా విన్నాడు. సమ్మతి మీ ఫోన్ నుంచి వచ్చింది, ఉమ్మడి ఖాతాలో ఒకరిది చాలు, చేరవేసినవాళ్ళు సరిగ్గా చేరవేశారు, నిబంధన ప్రకారం ఎక్కడా తప్పు కనిపించడం లేదమ్మా అన్నాడు. నిప్పు ఎక్కడా అంటుకోలేదు బాబూ, ఇల్లు మాత్రం కాలింది అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఒక మాట చెప్పాడు. ఎవరి వివరాలు ఎప్పుడు తెప్పించారు, ఎందుకని తెప్పించారు, లోపల ఎవరు తెరిచి చూశారు అనే చిట్టా కంపెనీ రాసి ఉంచి తీరాలి, ఖాతాదారు అడిగితే ఇచ్చి తీరాలి, చాలామందికి ఈ హక్కు ఉందనే తెలియదు, అడిగేవాళ్ళే లేరు అన్నాడు. నేను అడిగాను. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇప్పుడు జనవరి సంగతి. రెండో ఆదివారం నువ్వు మా ఇంటికొచ్చావు. నా ఫోన్ నిండిపోయింది, శుభ్రం చేస్తానని తీసుకున్నావు. నేను నీకోసం వంటింట్లో ఉన్నాను. అంతకు ముందు నెలలో మీ బావ పెట్టుబడి వెనక్కి లాగేస్తానని బెదిరించాడని, అదే జరిగితే కంపెనీ మూతేనని చెప్పి నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయిన సంగతి నాకు గుర్తుంది. ఆ ఆదివారం మాత్రం రెండోసారి వడ్డించుకుని తిన్నావు. ఫిబ్రవరిలో ఫోన్ చేసి, ఆయన డబ్బు తీయడం లేదట అమ్మమ్మా, గండం గడిచింది అన్నావు. పోనీలే, దేవుడు చల్లగా చూశాడు అన్నాను.

ఆ ఆదివారం ఫోన్ నీ చేతిలో ఉన్నప్పుడే ఆ కొత్త సరే నొక్కావు. (ఇక్కడ రెండు మాటలు రాసి కొట్టేశాను. కొట్టివేత పక్కన సంతకం ఉండాలని మా ఆఫీసులో ఎంతమందినో తిట్టినదాన్ని కనక పొడి సంతకం పెట్టాను. వెలుగుకు ఎత్తి పట్టుకుని చదవాలని చూడకు, గట్టిగానే కొట్టేశాను.)

అక్క ఏమంటుందో రాస్తాను. "వాడు అలవాటుగా నొక్కేసి ఉంటాడు అమ్మమ్మా. రోజూ పదిమంది చేత నొక్కిస్తాడు కదా, చెయ్యి తిరిగిపోయి ఉంటుంది. ఈయన పెట్టుబడిదారు హోదాలో ఆఫీసులో ఎవడినో పట్టుకుని చూసి ఉంటాడు. వాడికి ఇందులో ఏం తెలుసు? నువ్వు ఉత్తరం రాస్తే వాడు అన్నం మానేస్తాడు" అంటుంది. దాని ఉద్యోగం పోయింది, గది పోయింది, దాని దిగులు నీ అన్నం గురించి. నీకు జ్వరమొస్తే పదేళ్ళ పిల్ల నీ మంచం పక్కన కింద పడుకునేది. నువ్వు నిద్రలో దొర్లి పడితే తన మీద పడతావని, నేల మీద పడవని లెక్క. ఆ లెక్క నేను నేర్పింది కాదు.

సరే, అక్క చెప్పినట్టే అనుకుందాం. చూడకుండా నొక్కావే అనుకుందాం. అదీ చిన్న తప్పు కాదు. నా సమ్మతి నా సంతకం. మనిషి పక్కన లేనప్పుడు ఆ మనిషి సంతకం ఇంకొకరు పెట్టేదానికి మా ఆఫీసులో వేరే పేరుండేది, ఆ పేరు మీద ఉద్యోగాలు పోయేవి. నువ్వు నా ఇంట్లో, నా వంట ఉడుకుతుండగా, నా వేలి బదులు నీ వేలు పెట్టావు. ఇంట్లో మనిషివని నిన్ను ఎవరూ ఆపలేదు. బయటివాడైతే గుమ్మంలోనే ఎందుకొచ్చావని అడిగేదాన్ని.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో నీ చేత్తో రాసి పంపు. నాకు కాదు, అక్కకు. ఎన్ని పేజీలైనా సరే, మధ్యలో ఒక్క కొట్టివేత లేకుండా.

వేళకు తిను. మెడ వంచి ఆ తెర ముందు అలా కూర్చోకు, మీ తాతకు మెడనొప్పి అలాగే మొదలైంది.

నిన్ను పెంచిన,
అమ్మమ్మ

తాజా కలం: అక్క ఉతికిన బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. పాప కూడా క్లిప్పుల డబ్బా పట్టుకుని వెనకే వెళ్ళింది. వాళ్ళు దిగివచ్చేలోపు ఈ పేజీ రాసి కవరు అంటించాలి. పై పేజీలన్నీ అక్క చదివింది. ఇది చదవదు.

నేను అడిగిన చిట్టా కిందటి గురువారమే వచ్చింది. అంటే ఈ ఉత్తరం మొదలుపెట్టేటప్పటికే అది నా పెట్టెలో ఉంది. తనిఖీకి వెళ్ళినప్పుడు మేము చేతిలో ఉన్న కాగితం ముందే బయటపెట్టేవాళ్ళం కాదు. పొరపాటు కింద రాసి సంజాయిషీ అడిగేవాళ్ళం. నిజం చెప్పదలచుకున్నవాడికి ఆ దారి తెరిచి ఉంచడం ధర్మం. నీకు ఆ దారి పై పేజీల నిండా తెరిచే ఉంచాను. రెండు ఉత్తరాలు రాసి మధ్యలో నీ జవాబు కోసం ఎదురుచూసే ఓపిక మాత్రం ఈ కళ్ళకు లేదు. అందుకని సంజాయిషీ కాగితం, చిట్టా ఒకే కవరులో పెడుతున్నాను.

చిట్టాలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. జనవరి రెండో ఆదివారం, మధ్యాహ్నం, కొత్త సమ్మతి. కారణం: రుణ అర్హత పరిశీలన. నేను ఎవర్ని రుణం అడిగాను? తెరిచి చూసినవారు: ఉద్యోగి సంఖ్య 7. ఆ రోజు సాయంత్రమే ఒకసారి, తర్వాత వారం వారం. పద్దుల్లో వెతికిన మాట: జీతం. ఆ మాట పక్కన పళ్ళ దుకాణం పేరు, ఊరు, వీధి. ఫిబ్రవరి 18, ఆదివారం, పూర్తి పట్టిక కాగితానికి దించుకున్నారు. అదీ 7. మరునాడే మీ బావ ఆ కుర్చీలో కూర్చుని పాప కాలు ఎంత పెరిగిందని అడిగాడు.

ఆ సంఖ్య నాచేత చదివించింది నువ్వే. మిఠాయి డబ్బా ఇంకా నా దగ్గర ఉంది, సూదులు దారాలు పెట్టుకున్నాను.

మీ కంపెనీ మీద ఫిర్యాదు నమోదు చేయించాను. ఎదుటి పక్షం గడిలో కంపెనీ పేరు కింద నీ పేరు రాయించాను. ఫిర్యాదుదారుకు ఏమవుతారు అనే గడి ఒకటుంది. చాలామంది అది ఖాళీగా వదిలేస్తారమ్మా అన్నాడు అధికారి. నేను ఏ గడీ ఖాళీగా వదలనన్నాను. మనవడు అని నా చేత్తోనే రాశాను. ఉమ్మడి ఖాతాలో రెండో మనిషిని అడగకుండా వివరాలు కదలకూడదని నిబంధన మార్చమని వేరే అర్జీ పెట్టాను. అది మారేసరికి నేనుండను, అయినా పెట్టాను. ఈ ఉత్తరం కూడా ఆ ఫైలులో అనుబంధం. తపాలా ముద్ర చూసి వెతుక్కునే శ్రమ నీకు లేకుండా ఆ అధికారి చేతి మీదుగానే పంపిస్తున్నాను. విచారణ వచ్చే బుధవారం.

ఆ ఖాతా మూసేశాను. ఇక మాది నగదు. ఎక్కడ ఖర్చయిందో నేను అక్కను అడగడం లేదు. అడగకుండా ఉండటం ఈ వయసులో నేర్చుకుంటున్నాను.

విచారణలో ఆ చిట్టా పైకి చదువుతారు. అక్క రాదు, కానీ కాపీ తన పేరున కూడా వస్తుంది. అంతలోపు నీ చేతిరాత తనకు అందితే అందినట్టు. అధికారికి ఇస్తే నాకు చేరుస్తాడు. అందకపోతే ఆ కాగితమే చెబుతుంది. నేను మాత్రం చెప్పను. దాని నోట్లోంచి నీ పేరు ఇప్పటికీ ఎలా వస్తుందో విన్నదాన్ని, నావల్ల కాదు.

మేడ మెట్ల మీద పాప గొంతు వినిపిస్తోంది.

పైన కొట్టేసిన రెండు మాటలు కొట్టేయమన్నది అక్క. నా భుజం మీదుగా చదివి, "అంత మాట వద్దు అమ్మమ్మా, వాడు తట్టుకోలేడు" అని నా చేతిలోంచి కలం తీసుకుని తనే అడ్డంగా గీసింది. సంతకం మాత్రం నాది. తన మాట కాదనలేక పెట్టాను. ఇప్పుడు ఆ కొట్టివేతను రద్దు చేసి, ఆ రెండు మాటలూ ఇక్కడ తిరిగి రాస్తున్నాను:

తెలిసే చేశావు.